రొయ్య రక్తంలో మందు... సీసాలోకి వచ్చేదెప్పుడు?

తెనాలి: తెనాలి దాటి రేపల్లె మీదుగా నిజాంపట్నం వైపు సాగితే వరి చేలు క్రమంగా తగ్గి రొయ్యల చెరువులు కనిపిస్తాయి. ఏరేటర్ల హోరు, మేత బస్తాలు, గట్టుపై కాపలా పాక. అర్ధరాత్రి లేచి టార్చి వెలుగులో చెక్‌ట్రే ఎత్తి చూసే రైతుకు ఉండే భయం ఒక్కటే. ట్రేలో మేత మిగిలిందా? రొయ్య నీరసించిందా? నాలుగు నెలల శ్రమ, లక్షల రూపాయల పెట్టుబడి తెల్లవారేసరికి గట్టు పక్కన కుప్పగా పడిన సందర్భాలు ఈ తీరానికి కొత్తవి కావు. 1994-95లో తూర్పు తీరాన్ని తాకిన తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యల సాగును ఎలా కూల్చివేసిందో పాత రైతులు ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ భయం నుంచే మందుల వాడకం పుట్టింది. మనిషికి జ్వరం వస్తే వేసే యాంటీబయాటిక్‌నే మేతలో కలిపి చెరువులో చల్లే అలవాటు ఒకప్పుడు విచ్చలవిడిగా సాగింది. దాని ఫలితం ఎగుమతి కంటైనర్లు వెనక్కి తిరిగి రావడం వరకూ వెళ్లింది. విచిత్రమేమిటంటే, రైతు బయట వెతుకుతున్న సూక్ష్మక్రిమి నాశిని ఒకటి ఆ చెరువులోని రొయ్య ఒంట్లోనే ఉంది. దానిని శాస్త్రవేత్తలు ‘యాంటీమైక్రోబియల్ పెప్టైడ్’ అంటారు. సముద్ర జీవుల్లో దొరికే ఈ పదార్థాలను మనుషుల జబ్బులకు మందులుగా మలచాలని ప్రపంచవ్యాప్తంగా మూడున్నర దశాబ్దాలకు పైగా ప్రయత్నాలు జరుగుతున్నాయి.

యాంటీబాడీలు లేని ప్రాణి

మనిషికి ఒకసారి ఆటలమ్మ సోకితే శరీరం ఆ క్రిమిని గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ వస్తే యాంటీబాడీలతో ఎదుర్కొంటుంది. టీకాలు పనిచేసేదీ ఈ సూత్రం మీదే. రొయ్యకు ఆ ఏర్పాటు లేదు. పీతలకు, ఆల్చిప్పలకు, సముద్రపు పురుగులకు కూడా లేదు. అయినా అవి బతుకుతున్న చోటు ఎలాంటిది? ఒక మిల్లీలీటరు సముద్ర జలంలో, అంటే ఇరవై చుక్కల నీటిలో, సుమారు పది లక్షల బ్యాక్టీరియాలు ఉంటాయి. పెంకుకు చిన్న గీత పడితే చాలు, అవి లోపలికి చొరబడతాయి. అలాంటి నీటిలో కోట్ల సంవత్సరాలుగా ఈ జీవులు నిలదొక్కుకోవడానికి కారణాల్లో ఈ పెప్టైడ్లు ముఖ్యమైనవి.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన చిన్న దండ. దండ బాగా పొడవైతే దానిని ప్రొటీన్ అంటారు. సూక్ష్మక్రిములను చంపే పెప్టైడ్లలో చాలా వాటికి యాభై పూసలకు మించవు. ఇరవై లోపు ఉన్నవీ ఉన్నాయి.

రొయ్యలోని పెప్టైడ్లను తొలిసారి వేరుచేసి చూపింది ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు. 1997లో వారు వెలువరించిన పరిశోధన పత్రంలో వీటికి ‘పెనాయిడిన్లు’ అని పేరు పెట్టారు. రొయ్యల శాస్త్రీయ నామం ‘పెనాయస్’ నుంచి వచ్చిన పేరిది. వారు పరీక్షించిన రొయ్య వెనామీ. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానికి చెందిన ఈ రకాన్ని మన దేశంలో పెంచేందుకు 2009లో అనుమతి లభించింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే టైగర్ రొయ్య స్థానాన్ని ఆక్రమించింది. నేడు నిజాంపట్నం, రేపల్లె పరిసరాల చెరువుల్లో తిరుగుతున్నది ఆ జాతి రొయ్యే.

వెనామీ రక్తంలోని కణాల్లో చిన్న చిన్న సంచుల వంటి నిర్మాణాలు ఉంటాయి. పెనాయిడిన్లు ముందుగానే తయారై ఆ సంచుల్లో నిల్వ ఉంటాయి. క్రిమి చొరబడగానే రక్తకణాలు అక్కడికి చేరి సంచులు విప్పుతాయి. జబ్బు వచ్చాక మందు తయారుచేసుకునే పని లేదు. కత్తి ఎప్పుడూ ఒరలోనే ఉంటుంది, దూయడమే తరువాయి. పెనాయిడిన్‌కు మరో గుణం కూడా ఉంది. రొయ్య పెంకులోని కైటిన్ అనే పదార్థానికి అది అతుక్కోగలదు. శిలీంధ్రాల గోడలోనూ కైటిన్ ఉంటుంది కనుక బూజు జాతి క్రిములపైనా ఇది పనిచేస్తుంది.

రొయ్య రక్తం ఎర్రగా ఉండదు. ఆక్సిజన్ మోసే పనిని అందులో ఇనుముకు బదులు రాగి ఉన్న ‘హీమోసయనిన్’ చేస్తుంది. క్రిములు సోకినప్పుడు ఆ హీమోసయనిన్ తోక భాగం తెగి, శిలీంధ్రాలను నిరోధించే పెప్టైడ్లుగా మారుతుందని 2001లో తేలింది. ఊపిరి మోసే పదార్థమే అవసరానికి ఆయుధమవుతుందన్న మాట.

వీటి ప్రాధాన్యం ఎంతటిదో తెలుసుకోవడానికి వెనామీ రొయ్యల్లో ఒక పెప్టైడ్ జన్యువు నోరు నొక్కి చూశారు. ఆ పెప్టైడ్ తగ్గిన రొయ్యలకు విబ్రియో బ్యాక్టీరియా, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం సోకించినప్పుడు మామూలు రొయ్యల కంటే ఎక్కువగా చనిపోయాయని 2008లో ప్రచురితమైన ఆ పరిశోధన తెలిపింది.

జిగురులోనూ మందే

రొయ్య ఒక్కటే కాదు. జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1988లో గుర్రపు డెక్క ఆకారంలో ఉండే పీత రక్తకణాల నుంచి ‘టాకిప్లెసిన్’ను వేరు చేశారు. అందులో ఉన్నవి 17 అమైనో ఆమ్లాలే. ఈ పీతల్లో రెండు జాతులు మన దేశంలో ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాల్లో ఉన్నాయి. వీటిని పట్టడం, చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అమెరికా తీరంలో దొరికే వీటి బంధువు రక్తంతో వైద్యలోకం ఇప్పటికే దశాబ్దాలుగా పని చేయించుకుంటోంది. ఇంజెక్షన్ మందుల్లో, సెలైన్ సీసాల్లో బ్యాక్టీరియా విషం కలిసిందీ లేనిదీ ఆ నీలి రక్తపు సారంతో పరీక్షిస్తారు.

ఇసుకలో బొరియలు చేసుకుని బతికే సముద్రపు పురుగు నుంచి రష్యా శాస్త్రవేత్తలు 2004లో ‘అరెనిసిన్’ను కనుగొన్నారు. ఆల్చిప్పల జాతిలో ‘మైటిలిన్లు’, ‘డిఫెన్సిన్లు’ 1990 దశకంలోనే బయటపడ్డాయి. చేపల సంగతి మరీ ఆసక్తికరం. చేప చర్మంపై జారుడుగా ఉండే జిగురు ఈత సులువు కావడానికే అని చాలాకాలం అనుకున్నారు. అమెరికా తీరపు ఫ్లౌండర్ చేప జిగురులో 1997లో ‘ప్లూరోసిడిన్’ దొరికింది. జెల్ల జాతి చేప ఒకదాని చర్మం గాయపడినప్పుడు వెలువడే ‘పారాసిన్’ను 1998లో కొరియా శాస్త్రవేత్తలు గుర్తించారు. మన ఇళ్లలో జెల్ల చేపను బూడిద వేసి రుద్ది కడిగే ఆడవారు తీసిపారేస్తున్నది ఒక విధంగా ఆ చేప మందుల పెట్టె.

క్రిమి గోడకు కన్నం

మామూలు యాంటీబయాటిక్ పనితీరు తాళం, తాళంచెవి వంటిది. బ్యాక్టీరియా లోపల ఏదో ఒక యంత్రాంగాన్ని ఎంచుకుని దానిలో అడ్డుపడుతుంది. టెట్రాసైక్లిన్ ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. పెన్సిలిన్ గోడ కట్టుబడిని చెడగొడుతుంది. బ్యాక్టీరియా ఆ ఒక్క తాళాన్ని మార్చుకుంటే చాలు, మందు పనికిరాకుండా పోతుంది.

పెప్టైడ్ దారి వేరు. దాని మీద ధనావేశం ఎక్కువ. బ్యాక్టీరియా పైపొర మీద రుణావేశం ఎక్కువ. అయస్కాంతపు రెండు కొసల్లా ఒకదానిని ఒకటి లాక్కుంటాయి. అతుక్కున్న పెప్టైడ్లు గుంపుగా చేరి, నూనెను ఇష్టపడే తమ భాగాన్ని పొరలోకి దింపుతాయి. పొర చిల్లులు పడుతుంది. లోపలి పొటాషియం, ఇతర లవణాలు బయటకు కారిపోతాయి. నిమిషాల్లో క్రిమి చచ్చిపోతుంది. కొన్ని పెప్టైడ్లు పొరను చీల్చకుండానే లోపలికి జారి అక్కడి పనులను స్తంభింపజేస్తాయి.

మన కణాల పైపొర బయటివైపు దాదాపు ఆవేశం లేకుండా ఉంటుంది. దానికి తోడు కొలెస్ట్రాల్ ఆ పొరను గట్టిపరుస్తుంది. గుండెజబ్బుల వార్తల్లో తిట్లు తినే కొలెస్ట్రాల్ ఇక్కడ మాత్రం రక్షకుడు. ఈ తేడా వల్లనే పెప్టైడ్ క్రిమిని గుర్తించి, మన కణాన్ని చాలావరకు వదిలిపెడుతుంది. ‘చాలావరకు’ అన్న మాటలోనే అసలు చిక్కు దాగి ఉంది.

హైదరాబాద్ చెప్పిన పాఠం

ఆ చిక్కు ఏమిటో ముందుగా గమనించిన వారిలో తెలుగు నేలపై పనిచేసిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ, ఇ.ఎస్.పి. రెడ్డి కలిసి ఎద్దు వీర్యద్రవంలో ‘సెమినల్‌ప్లాస్మిన్’ అనే సూక్ష్మక్రిమి నాశక ప్రొటీన్ ఉందని 1979లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఈ రంగానికి ఊపునిచ్చిన పట్టుపురుగు జాతి ‘సెక్రోపిన్’ను స్వీడన్‌లో హన్స్ బొమన్ బృందం వెల్లడించింది 1981లో. కప్ప చర్మం నుంచి ‘మాగైనిన్’ను అమెరికాలో మైఖేల్ జాస్లాఫ్ వేరుచేసింది 1987లో. హైదరాబాద్ పత్రం వాటి కంటే ముందే వచ్చింది. ఎందుకో గాని మన పాఠ్య పుస్తకాల్లో ఈ సంగతికి చోటు దొరకలేదు.

సీసీఎంబీలోనే ఆర్. నాగరాజ్, ఎన్. సీతారాం దీనిని ముందుకు తీసుకెళ్లారు. సెమినల్‌ప్లాస్మిన్‌లోని 13 అమైనో ఆమ్లాల ముక్కను కృత్రిమంగా తయారుచేసి పరీక్షించారు. ఆ చిన్న ముక్క బ్యాక్టీరియాను చంపింది. అయితే ఎర్ర రక్తకణాలనూ పగలగొట్టింది. 1990లో ప్రచురితమైన ఈ ఫలితం మొత్తం రంగానికే సవాలు. క్రిమిని చంపే శక్తిని ఉంచి, రక్తాన్ని పాడుచేసే గుణాన్ని ఎలా తీసివేయాలి? ఆవేశం ఎంత ఉండాలి, నూనె గుణం ఎంత ఉండాలి అన్న లెక్కలపై నాగరాజ్ బృందం ఆ తర్వాత ఏళ్ల తరబడి పనిచేసింది. సముద్ర జీవుల పెప్టైడ్లకూ ఇదే పరీక్ష. టాకిప్లెసిన్ బ్యాక్టీరియాపై ఎంత పదునైనదో మోతాదు పెరిగితే మన కణాలకూ అంత చేటు చేయగలదు.

మందుల దుకాణం ఎందుకంత దూరం?

రక్తకణాల సమస్య ఒక్కటే కాదు. నోటితో మింగితే పొట్టలోని జీర్ణరసాలు పెప్టైడ్‌ను పప్పులోని ప్రొటీన్‌లాగే ముక్కలు చేసేస్తాయి. రొయ్యల కూర తింటే ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని ఎవరైనా చెబితే నమ్మనక్కర లేదు. వండిన వేడికి, పొట్టలోని ఆమ్లానికి, ఎంజైములకు తట్టుకుని పెనాయిడిన్ రక్తంలోకి చేరే అవకాశం లేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే రక్తంలోని ఎంజైములు నరికివేస్తాయి, మూత్రపిండాలు బయటకు పంపివేస్తాయి. రక్తంలోని ఉప్పు కూడా కొన్నింటి బలాన్ని తగ్గిస్తుంది.

ఖర్చు మరో గోడ. ఒక్కో రొయ్యలో దొరికేది అత్యల్పం. టన్నుల కొద్దీ రొయ్య తలలు ప్రాసెసింగ్ ప్లాంట్లలో వ్యర్థంగా పోతున్నా, వాటి నుంచి మందు పిండటం గిట్టుబాటు కాదు. అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా గుచ్చుతూ ప్రయోగశాలలో తయారుచేయడం సాధ్యమే గాని పాత యాంటీబయాటిక్‌తో పోలిస్తే ఎంతో ఖరీదు. అందుకే జన్యువును ఈస్ట్‌లోకి ఎక్కించి దాని చేత తయారు చేయించే మార్గం పట్టారు. థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు టైగర్ రొయ్యలోని ఒక పెప్టైడ్‌ను ఇలాగే ఈస్ట్‌లో ఉత్పత్తి చేసి 2005లో వివరాలు ప్రకటించారు. మన దేశంలో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర విభాగం రొయ్యలు, పీతలు, చేపల పెప్టైడ్ జన్యువులపై చాలాకాలంగా పరిశోధిస్తోంది.

మందుగా మార్చే ప్రయత్నాల చరిత్ర అంత ఉత్సాహకరంగా లేదు. కప్ప పెప్టైడ్ ఆధారంగా చక్కెర వ్యాధిగ్రస్థుల కాలి పుండ్లకు పూతమందుగా తయారైన ‘పెక్సిగనాన్’కు 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. మరో కంపెనీ దానిని మళ్లీ పరీక్షకు తెచ్చినా 2016లో ఆ ప్రయోగాలూ విఫలమయ్యాయి. పంది పెప్టైడ్ నమూనాగా రూపొందిన ‘మురెపావడిన్’ ఇంజెక్షన్ చివరి దశ పరీక్షలు 2019లో ఆగిపోయాయి. రోగుల మూత్రపిండాలు దెబ్బతినడమే కారణం. సముద్ర పురుగు అరెనిసిన్‌ను సవరించి తయారుచేసిన రూపం జంతువులపై పరీక్షల్లో మంచి ఫలితాలిచ్చింది. అయితే సముద్ర జీవి పెప్టైడ్‌తో తయారై, బ్యాక్టీరియా జబ్బులకు వైద్యులు రాసే మందు మాత్రం ఇంతవరకు ఒక్కటీ మార్కెట్‌కు రాలేదు. శంఖం జాతి నత్త విషం నమూనాగా తయారైన ‘జికోనొటైడ్’కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అది తీవ్రమైన నొప్పికి వాడేది. సముద్రపు పెప్టైడ్ మందు కాగలదని నిరూపించింది గాని క్రిములతో దానికి సంబంధం లేదు.

ఇంత కష్టపడటం ఎందుకు?

పాత మందులు మొరాయిస్తున్నాయి కనుక. మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగానే 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన అంచనా. 2021లో ఆ సంఖ్య 11.4 లక్షలు. పల్లెలో పుండు చీము పట్టి, మూడు రకాల యాంటీబయాటిక్‌లు మార్చినా తగ్గక పట్టణ ఆసుపత్రికి చేరే రోగి ఈ లెక్కలోకి వచ్చే మనిషే.

ఈ కథ మొదట్లోనూ ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. ఆయన హయాంలో అక్కడ బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు అది. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. దాని అవశేషం కలిపిన దాణా తిన్న కోడిపిల్లలు వేగంగా పెరుగుతున్నాయని అదే సంస్థ శాస్త్రవేత్తలు ఆ తర్వాత గుర్తించారు. జబ్బు లేని జంతువుకు మేతలో యాంటీబయాటిక్ కలిపే పద్ధతి అక్కడ మొదలై ప్రపంచమంతా పాకింది. ప్రాణాలు నిలిపిన మందు మేత బస్తాలోకి చేరిన దారి ఇది.

రొయ్యల చెరువులూ ఆ దారిలోనే నడిచాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలపై 2000 దశకం తొలి ఏళ్లలోనే ఐరోపా దేశాలు ఆసియా రొయ్యలపై కన్నెర్ర చేశాయి. మన దేశంలో ఈ మందులను సాగులో నిషేధించారు. అయినా పూర్తిగా ఆగలేదు. భారత రొయ్యల సరుకులో పరీక్షించే నమూనాల వాటాను ఐరోపా సమాఖ్య 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అందులో నష్టపోయింది తప్పు చేసిన రైతు ఒక్కడే కాదు, నిజాయతీగా సాగు చేసిన వాడు కూడా.

పెప్టైడ్‌కూ ఎదురు తిరుగుతుందా?

పొరనే చీల్చే ఆయుధానికి బ్యాక్టీరియా ఎదురు తిరగలేదని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకానికి గండి కొట్టింది కొలిస్టిన్. ఇదీ పెప్టైడ్ జాతి మందే, కాకపోతే సముద్ర జీవిది కాదు, మట్టి బ్యాక్టీరియాది. మిగతావన్నీ విఫలమైనప్పుడు ఆసుపత్రుల్లో ఐసీయూ రోగులకు ఇచ్చే ఆఖరి అస్త్రం. దానిని కోళ్లకు, పందులకు పోషకంలా వాడిన చైనాలో 2015లో ‘ఎంసీఆర్-1’ అనే జన్యువు బయటపడింది. అది బ్యాక్టీరియా పైపొర మీది రుణావేశాన్ని తగ్గిస్తుంది. ఆకర్షణే లేనప్పుడు పెప్టైడ్ అతుక్కునేదెక్కడ? పైగా ఆ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరో దానికి సులువుగా చేరుతుంది. భారత ప్రభుత్వం 2019 జులైలో కోళ్లు, పశువులతో పాటు ఆక్వా సాగులోనూ కొలిస్టిన్‌ను నిషేధించింది.

అందుచేత రేపు రొయ్య పెప్టైడ్ చౌకగా తయారైనా దానిని చెరువులో బస్తాల కొద్దీ చల్లడం తెలివైన పని కాబోదు. పైగా అది సర్వరోగ నివారిణి కూడా కాదు. పెనాయిడిన్ ప్రతాపం ప్రధానంగా శిలీంధ్రాల మీద, గ్రామ్ పాజిటివ్ అనే తరగతి బ్యాక్టీరియా మీద. చెరువులో రైతును వేధించే విబ్రియో మరో తరగతికి చెందినది. దానిపై పెనాయిడిన్ ప్రభావం తక్కువ. విబ్రియోను ఎదుర్కొనడంలో రొయ్యలోని ఇతర పెప్టైడ్లదే పెద్ద పాత్ర. తెల్లమచ్చల వ్యాధికి కారణం వైరస్. ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీకి కారణం కణంలో దాగే పరాన్నజీవి. ఈ రెండింటికీ చెరువులో చల్లితే నయమయ్యే మందు పెప్టైడ్లలోనూ లేదు, యాంటీబయాటిక్‌లలోనూ లేదు. ఆ పేరుతో డబ్బాలు అమ్మజూపితే లేబుల్ మీద ఏముందో చదవడం, మత్స్యశాఖ అధికారిని అడగడం రైతుకు మేలు.

పరిశోధకుల చూపు ఇప్పుడు వేరే వైపు ఉంది. రొయ్యకు బయటి నుంచి పెప్టైడ్ ఇవ్వడం కన్నా, దాని రక్తకణాలను ముందే మేల్కొలిపి స్వంత ఆయుధాలను సిద్ధం చేయించవచ్చా అని చూస్తున్నారు. ఈస్ట్ గోడలోని బీటా గ్లూకాన్‌ను రొయ్య శత్రువు ఆనవాలుగా గుర్తిస్తుంది. మేతలో దానిని కలపడంపై అనేక దేశాల్లో ప్రయోగాలు జరిగాయి. ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా లేవు. ఎంతకాలం ఇవ్వాలి, ఆపితే ఏమవుతుంది అన్న దానిపై ఇంకా వాదాలున్నాయి. ఆరోగ్యవంతమైన సీడ్, రద్దీ లేని చెరువు, శుభ్రమైన నీరు, తగినంత ఆక్సిజన్ లేకపోతే రొయ్య ఆయుధాలు ఏవీ నిలవవన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. ఒత్తిడికి గురైన రొయ్యలో రక్తకణాలే తగ్గిపోతాయి. కణం లేనిదే సంచీ లేదు, సంచీ లేనిదే పెప్టైడ్ లేదు.

ఐరోపాకు వెళ్లే సరుకుకు పట్టుబడి ముందే చెరువు నుంచి నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. 2022 నవంబరు నుంచి అక్కడి నిబంధన మరింత బిగిసింది. వంద కోట్ల భాగాల్లో క్లోరాంఫెనికాల్ 0.15 భాగం, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు 0.5 భాగం చేరినా సరుకుపై చర్య తీసుకుంటారు. రొయ్య తన ఒంట్లో తాను తయారు చేసుకున్న పెనాయిడిన్ ఎంత ఉన్నా ఆ యంత్రం పట్టించుకోదు.